ప్రార్థన లైనులో నూనె సీసా

మా నాన్నగారు పిల్లల్ని కొట్టేవారు కారు. ఆ మాట ఆయనే పదిమందిలో చెప్పుకునేవారు. "ఇరవై రెండేళ్ల సర్వీసులో బెత్తం ముట్టలేదండీ" అని. నిజమే, ముట్టలేదు. ఆయన నమ్ముకున్నది నూనె సీసాని.

రోజూ ప్రార్థన అయ్యాక మూడు వందలమంది పిల్లలం ఎండలో లైన్లు కట్టి నిలబడితే, మా నాన్నగారు, అప్పలనరసింహం మేష్టారు, లైను వెంట నడిచి వచ్చేవారు. వెనకాల బడి నౌకరు అసిరయ్య రేకు పళ్లెం పట్టుకుని వచ్చేవాడు. పళ్లెంలో నువ్వుల నూనె సీసా, కొయ్య దువ్వెన, కత్తెర. మగపిల్లాడెవడైనా సినిమా హీరోలాగా ముందు జుట్టు ఎత్తి దువ్వుకుని వస్తే, నుదుటి మీంచి నడినెత్తి దాకా కత్తెరతో ఒక్క బాట తీసేవారు. మిగతాది మంగలి చూసుకోవాలి. ఆడపిల్లలైతే గోళ్లు చూపించి, తల వంచి పాపిడి చూపించాలి. పాపిడి వంకర పోయినా, నూనె లేక జుట్టు రేగినా, అక్కడే అందరి ముందూ పక్కనున్న పిల్ల చేత నూనె రాయించి జడలు వేయించేవారు. ఆయన చెయ్యి మాత్రం ఆడపిల్ల తలకి తగిలేది కాదు. అంత పద్ధతి గల మనిషి.

నూనె మెడ మీంచి జాకెట్టులోకి కారుతుంటే బడి బడంతా చూసేది. ఏడ్చిన పిల్లని "ఏడుపెందుకమ్మా, నీకు మంచే కదా చేసేను" అనేవారు. ఊళ్లో పెద్దలకి ఆయన దేవుడు. "మా వోడు మీ దయవల్ల మనిషైనాడు బాబూ" అని సంతలో చేతులు జోడించేవారు. పిల్లలు చాటున 'నూనె మేష్టారు' అనేవారు. ఆ పేరు నాకు తెలుసని వాళ్లకి తెలుసు, వాళ్లకి తెలుసని నాకూ తెలుసు. అలా నెట్టుకొచ్చేవాళ్లం.

నేను ఆయన కూతుర్ని, రాజరాజేశ్వరిని. నా పాపిడి గీటుకర్ర పెట్టి గీసినట్టు ఉండేది. మా అమ్మ జ్ఞానాంబ రోజూ పొద్దున్న ముందు నాకు జడలు వేసి, తరవాత నాన్నగారిని పీట మీద కూర్చోబెట్టి తలకి నూనె రాసేది. మా ఇంట్లో రోజు ఆ రెండు తలలతో మొదలయ్యేది. అరవై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలం దాకా అలాగే మొదలైంది.

మాది విజయనగరం. నాన్నగారి ఉద్యోగం కోసం పాతపట్నం బస్సు ఆగే ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. నాకు పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి. లైన్లో నా పక్కన నిలబడేది నీలవేణి. గెడ్డ అవతలి ఊరి రైతు గంగరాజు కూతురు. ఆ ఊర్నించి తొమ్మిది దాకా వచ్చిన ఆడపిల్ల అదొక్కతే. వానాకాలంలో గెడ్డ పారుతుంటే పుస్తకాలు నెత్తి మీద పెట్టుకుని మోకాలి లోతు నీళ్లలో దాటి వచ్చేది. జుట్టు నడుం దిగి ఉండేది. లెక్కల్లో ఎప్పుడూ నాకంటే ఐదో ఆరో మార్కులు ఎక్కువ. నేనేమో లెక్కల మేష్టారి కూతుర్ని. పేపర్లు పంచేటప్పుడు నాన్నగారు ముందు దాని పేరు పిలిచి, నా పేరు పిలవడానికి కాస్త ఆగేవారు. దానంటే నాకు ప్రాణం, దాన్ని చూస్తే నాకు కుళ్లు. రెండూ అబద్ధం కావు.

ఉగాది ఇంకా పదిహేను రోజులుందనగా ఒంటిపూట బళ్లు పెట్టారు. నీలవేణి నాలుగు రోజులు బడికి రాలేదు. ఐదో రోజు సోమవారం, గంట కొట్టకముందే బడి నూతి దగ్గర నిలబడి ఉంది. జుట్టు రేగిపోయి ఉంది. పరికిణీ మాసిపోయింది. చెవి పక్కన జుట్టులో చిన్న వేపరెమ్మ.

"రాజీ, ఓపాలి ఇటు రా."

వెళ్లాను. గొంతు తగ్గించి చెప్పింది. "మా ఇంటికాడ అమ్మోరు అడుగెట్టినాది. తమ్ముడికి. ఒల్లంతా పోసీసినాది."

దాని తమ్ముడు పోతురాజుకి ఆరేళ్లు. అమ్మవారు పోసిన ఇంట్లో ఎవరూ తలకి నూనె రాయరు, దువ్వుకోరు, బట్టలు చాకలికి వెయ్యరు, కూరకి పోపు పెట్టరు. బిడ్డ తేరుకున్నాక మూడుసార్లు తలకి నీళ్లు పోసి అమ్మవారిని సాగనంపేదాకా ఇల్లంతా అలా ఉండాల్సిందే. ఆ రోగం పేరు కూడా పైకి అనకూడదు. మా వైపు ఇది చంటిపిల్లకి కూడా తెలుసు.

"మరెందుకొచ్చేవే?"

"ఇయ్యాల లెక్కల పరీచ్చ గదా. ఇది రాయకపోతే పెద్ద పరీచ్చకి కూకోనివ్వరంట. అమ్మ ఒద్దన్నాది. నాన్నే ఎల్లి రాసీసి రమ్మన్నాడు. రాజీ, ఒక్క మాట. మేష్టారితోటి నువ్వు సెప్పీవా? లైన్లో నన్ను తల సూపమనకుండా. నలుగురిలో ఆ మాట నాను నోటంట అనకూడదు."

"చెప్తాలే" అన్నాను.

మేష్టర్ల గది అక్కడికి ముప్పై అడుగులు. నాన్నగారు ఒక్కరే కూర్చుని కలంలో సిరా పోసుకుంటున్నారు. గుమ్మం దాకా వెళ్లాను.

"ఏమ్మా?"

"ఏం లేదు నాన్నగారూ" అని వెనక్కి వచ్చేశాను.

భయపడ్డానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. భయం కాదు. ఆ రోజు లెక్కల పరీక్ష. లైన్లో నాలుగు చివాట్లు తింటే నీలవేణికి చెయ్యి వణికి ఒకటో రెండో లెక్కలు తప్పుతాయి. నా బుద్ధి అంతవరకే వెళ్లింది. అంతవరకు మాత్రం తప్పకుండా వెళ్లింది.

ప్రార్థన అయ్యింది. నాన్నగారు ఆడపిల్లల లైను వెంట వస్తూ నీలవేణి దగ్గర ఆగారు.

"ఏమిటీ అవతారం?"

నీలవేణి నా వైపు చూసింది. నేను నా కాలి వేళ్లు చూసుకున్నాను.

"నాలుగు రోజులు రాలేదు. వచ్చిన రోజు ఇలాగా? మీ ఇంట్లో దువ్వెన లేదా?"

"ఉన్నాదండీ."

"నూనె లేదా?"

"ఉన్నాదండీ."

మగపిల్లల లైన్లోంచి ఎవడో కిసుక్కున నవ్వాడు.

"మరి?"

నాన్నగారు పళ్లెంలోంచి దువ్వెన తీసి, దాని కొసతో వేపరెమ్మని తప్పించారు. అది మట్టిలో పడింది. ఆయన ఒకసారి దానికేసి చూశారు. అసిరయ్య కూడా చూశాడు.

"బాబూ" అన్నాడు అసిరయ్య, "ఈ గుంటని ఒగ్గీండి బాబూ. ఇయ్యాలకి ఒద్దు."

"నువ్వు పళ్లెం పట్టుకో" అన్నారు నాన్నగారు. "రాజరాజేశ్వరీ, ఈ అమ్మాయికి నూనె రాసి జడలు వెయ్యి."

అప్పటికి లైన్లో సగంమందికి సంగతి అర్థమైపోయింది. గెడ్డ అవతలి పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. మేష్టర్లు అయిదుగురు వరండాలో నిలబడి ఉన్నారు. నేను సీసా మూత తీశాను.

"రాజీ, ఒద్దే" అంది నీలవేణి, నాకొక్కదానికే వినపడేట్టు.

నూనె పోశాను. చిక్కులు తీశాను. పాపిడి తీశాను. నా చేతులు వణికాయని చెప్పాలని ఉంది గాని, వణకలేదు. రోజూ అమ్మ నాకు చేసే పనే, పొందిగ్గా చేసేశాను. రెండు జడలూ మడిచి కట్టాక నాన్నగారు "ఇప్పుడు చూడు, లక్ష్మీదేవిలా ఉన్నావు" అన్నారు. ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

నీలవేణి ఏడవలేదు. వంగి వేపరెమ్మ తీసుకుని, లైన్లోంచి బయటికి వచ్చి, గేటు దాటి వెళ్లిపోయింది. "పరీక్ష రాయవా?" అని నాన్నగారు కేకేసినా వెనక్కి తిరగలేదు. ఆ పరీక్షలో నాకు తొంభై ఒకటి. క్లాసులో ఫస్టు.

ఇంటికి వెళ్లగానే అమ్మ నా చేతులు వాసన చూసింది.

"ఎవరి తలకి రాసేవే?"

చెప్పాను. నాకు ముందే తెలుసన్న ముక్క తప్ప అంతా చెప్పాను.

"తల్లో వేపాకు ఉందా?"

"ఉంది."

అమ్మ బియ్యం కడుగుతున్నదల్లా గిన్నె పక్కన పెట్టేసింది.

నీలవేణి ఆ పూట ఇంటికి వెళ్లలేదని మర్నాడు అసిరయ్య చెప్పాడు. నూనె తలతో అమ్మవారున్న గుమ్మం తొక్కలేక, గెడ్డలో కూర్చుని, ఇసకతో తల రుద్దుకుంటూ ఉండిపోయిందట. కుంకుడుకాయ తగలకూడదు, సీకాయ తగలకూడదు. ఇసకకి నూనె పోతుందా? పొద్దు వాలాక దాని తల్లి తవిటమ్మ వెతుక్కుంటూ వచ్చి చూసిందట.

నాలుగు రోజులు గడిచాయి. పోతురాజుకి కళ్లలో కూడా పోసిందనీ, కుడికన్ను పోయిందనీ కబురొచ్చింది. కబురు వెనకే గంగరాజు, తవిటమ్మ, గెడ్డ అవతలి ఊరివాళ్లు ఇంకో పదిమంది వచ్చి మా ఇంటి ముందు వీధిలో నిలబడ్డారు. అరుగు ఎక్కలేదు. ఎక్కమన్నా ఎక్కేవాళ్లు కారు.

"మేష్టారూ, బయటికి రండి."

నాన్నగారు ఉత్తరీయం సర్దుకుని అరుగు మీదకి వెళ్లారు. అమ్మా నేనూ గుమ్మంలో నిలబడ్డాం.

తవిటమ్మ జుట్టు విరబోసుకుని ఉంది. కళ్లు నెత్తురు ముద్దల్లా ఉన్నాయి. "నా గుంట నెత్తిన నూనె పోయించినారంట. అదేటి పాపం సేసినాది? దొంగతనం సేసినాదా?"

"నూనె రాస్తే కన్ను పోతుందా తవిటమ్మా?" నాన్నగారి గొంతు క్లాసులో ఉన్నట్టే ఉంది. "అది మశూచి."

ఆ మాట ఆయన నోట్లోంచి రాగానే వచ్చినవాళ్లంతా చెంపలు వాయించుకున్నారు. తవిటమ్మ చెవులు మూసుకుంది.

"మూసుకుంటే పోదు. అది సూక్ష్మక్రిముల వల్ల వచ్చే రోగం. కుర్రాడికి టీకా వేయించలేదు, అందుకొచ్చింది. అంటురోగం ఉన్న ఇంట్లోంచి పిల్లని బడికి పంపుతారా? తప్పెవరిది, మీదా నాదా?"

"నాదే" అన్నాడు గంగరాజు. పొట్టి మనిషి, నెమ్మది మనిషి. "పరీచ్చ పోతాదని నానే పంపినాను. నా తప్పుకి నన్ను తిట్టండి, పడతాను. లెక్క తప్పైతే గుంటని కొట్టండి, అదీ పడతాను. సదువు సెప్పమని మీ కాడికి పంపినాం. దాని తల మీదకి మీరెందుకెల్లినారు? తల మాది బాబూ."

"బడి గేటు దాటేక తల నాది" అన్నారు నాన్నగారు.

గంగరాజు మొహం మాడిపోయింది. వెనకనించి ఎవడో "ఈ బాపడికి పొగరు సూసినావా" అన్నాడు. గంగరాజు చెయ్యెత్తి వాణ్ణి ఆపాడు.

"సరే బాబూ. అయిందేదో అయినాది. అమ్మోరి కాడ ఒక ముర్రాట పోసీండి. పసుపునీల్ల కడవ, రెండు వేపమండలు, అంతే. తప్పైపోనాదని ఒక్క మాటనీండి. రెండో కన్నైనా దక్కుతాదని నా ఆడది ఆశ పడతంది."

"లెక్కలు చెప్పే మేష్టర్ని, కడవ నెత్తినెట్టుకుని ఊరేగమంటావా? రేపే హెల్తు వాళ్లకి ఉత్తరం రాస్తాను. వాళ్లొచ్చి చూసుకుంటారు."

తవిటమ్మ వీధిలోంచి గుప్పెడు మట్టి తీసి మా అరుగు మీదకి విసిరి వెళ్లిపోయింది. అది నాన్నగారి పంచె మీద పడింది. ఆయన దులుపుకున్నారు.

ఉత్తరం రాశారు కూడా. జీపు వచ్చింది. గెడ్డ అవతల జనం జీడితోటల్లోకి పారిపోతే, టీకాల వాళ్లు వెంటపడి పట్టుకుని నలభైమంది పిల్లలకి టీకాలు వేశారు. ఆ ఊళ్లో రోగం అంతటితో ఆగింది. అందులో ఆయన రైటే, ఆ సంగతి దాచకూడదు. ఎప్పుడూ రైటయ్యే మనిషితో కాపురం ఎలా ఉంటుందో మా అమ్మకి తెలుసు.

గంగరాజు వాళ్లు వచ్చి వెళ్లిన మర్నాడు పొద్దున్న అమ్మ నాకు జడలు వెయ్యలేదు. నాన్నగారు పీట వాల్చుకుని కూర్చున్నారు.

"నూనె తేవేం?"

"నూనె లేదు."

"సీసా నిండా ఉంటే లేదంటావేమిటి?"

"ఆ ఇంట్లో మూడు నీళ్లూ పోసేదాకా ఈ ఇంట్లోనూ నూనె లేదు. పోపూ లేదు."

"మతి పోయిందా నీకు? అమ్మవారు మనింటికి వచ్చిందా?"

"మీరు తీసుకొచ్చేరు" అంది అమ్మ.

పదిహేడేళ్ల కాపురంలో అమ్మ ఆయనకి ఎదురు చెప్పిందని నేను వినలేదు. నోట్లో నాలుక లేదని అత్తవారు మెచ్చుకున్న కోడలు. ఆ రోజు నుంచి ఇంట్లో ఉత్త ఉప్పు వేసి ఉడికించిన పప్పు, ఉడికించిన కూర. నాన్నగారు తన తలకి తనే నూనె రాసుకునేవారు. అలవాటు లేక, అది చెవుల మీంచి కాలరు మీదకి కారేది. ఆ మరక ఉతికినా పోయేది కాదు. అమ్మ జుట్టు నెత్తిమీద పీచులా లేచి ఉండేది. పేరంటానికి పిలవడానికి వచ్చిన కరణంగారి భార్య ఆ తల చూసి, కుంకం భరిణె కొంగు చాటున దాచేసుకుని "మళ్లీ వస్తానమ్మా" అని వెళ్లిపోయింది. అమ్మా నాన్నగార్ల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేట్టు ఉండేది.

నాకు జడలు వేసుకోవడం వచ్చు. వేసుకోలేదు. అలాగే లైన్లో నిలబడ్డాను. నాన్నగారు నా ముందుకి వచ్చి, నన్ను దాటి, నా పక్క పిల్ల పాపిడి చూశారు. అంతకు ముందువారం తల మీద బాట తీయించుకున్న పదో తరగతి కుర్రాడొకడు వెనకనించి గట్టిగా అరిచాడు. "మేష్టారూ, మీ అమ్మాయిగోరి తల ఒగ్గీసినారేటి!"

బడంతా నవ్వింది. అసిరయ్య పళ్లెం కేసి చూస్తూ నిలబడ్డాడు. ఆ కుర్రాడెవరో కనుక్కోవడానికి నాన్నగారు ప్రయత్నించలేదు.

ఉగాది వచ్చింది. తలంటు లేదు. ఉగాది పచ్చడిలో వేపపువ్వు తప్ప ఇంట్లో పండగన్నదే లేదు. పన్నెండింటికి విస్తరి ముందు కూర్చున్న నాన్నగారు పోపు లేని చారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, చేతిలోది విస్తట్లో వదిలేశారు.

"సంవత్సరాది పూట తలంటు లేదు. తాలింపు లేదు. ఇది ఇల్లా, వల్లకాడా? ఆ పిల్లకి నేనేం ద్రోహం చేసేనని? ఇంట్లో రోగం ఉందని నాతో ఎవరైనా ఒక్కముక్క చెప్పేరా? తెలిస్తే కదా!"

అమ్మ గరిటె పట్టుకుని నిలబడి ఉంది. 

"నాకు ముందే తెలుసు నాన్నగారూ" అన్నాను. "నీలవేణి నూతి దగ్గర నాతో చెప్పింది. మీతో చెప్పమంది. నేను చెప్పలేదు."

చెంప ఛెళ్లుమంటుందని కళ్లు మూసుకున్నాను. ఏమీ కాలేదు. కళ్లు తెరిస్తే ఆయన విస్తట్లో అన్నాన్ని వేలితో అటూ ఇటూ తోస్తున్నారు.

"నువ్వు చెప్పినా చెప్పకపోయినా ఒకటేలే" అన్నారు, చాలా మెల్లిగా. "నాకూ తెలుసు. వేపాకు చూసేను కదా."

వీధిలో ఎవరో పంచాంగం చదువుతున్నారు. ఆ గొంతు లోపలికి వినపడుతోంది.

"తెలిసి రాయించేరా?" అంది అమ్మ.

"ఎక్కడో అక్కడ తెంచాలి కదా ఈ మూఢత్వం. చదువుకున్న పిల్ల, నలుగురిలో ఒకసారి తెగిపోతే—"

"తెలిసి, నా పిల్ల చేత రాయించేరా?"

"దానికి టీకా వేయించేం."

"లైన్లో మూడు వందలమందికీ వేయించేరా? అంటురోగమని వీధిలోకి వినపడేట్టు తవిటమ్మ మీద అరిచేరే. అంత తెలిసినవారు ఆ పిల్లని ఆ పూటే ఇంటికి పంపెయ్యలేకపోయేరా? సీసా కావలసొచ్చిందా?"

నాన్నగారు విస్తట్లోనే చెయ్యి కడిగేసుకుని లేచి వెళ్లిపోయారు. నేను అమ్మ కేసి చూశాను. ఒక తిట్టు తిడుతుందని, ఒక దెబ్బ వేస్తుందని ఎదురుచూశాను.

"నువ్వు ఆయన కూతురివే" అని, అమ్మ ఆయన విస్తరి తీసుకుని దొడ్లోకి వెళ్లిపోయింది.

చైత్రం నడుమ గంగరాజు ఇంట్లో మూడో నీళ్లు పోశారు. పోతురాజు రెండో కన్ను దక్కింది. ఆ కబురు తెచ్చిన అసిరయ్య వీధి మెట్టు మీద కూర్చున్నాడు. అమ్మ అప్పటికే అటక మీంచి నూనె సీసా దింపి, దువ్వెన పక్కన పెట్టుకుని, నన్ను రమ్మని పిలిచింది.

"తల్లీ, ఇంకో మాట" అన్నాడు అసిరయ్య. "నూనె తగిలిన జుట్టు ఇంట్లో ఉండకూడదని, ఆ గుంట జుట్టు అమ్మోరికి ఇచ్చీసినారు. ఏడుస్తా కూకున్నాది గాని కాదనలేదు. తల్లే కూకోబెట్టి తీయించినాది."

అమ్మ సీసా మూత మళ్లీ బిగించింది. స్టూలు ఎక్కి అటక మీద పెట్టేసింది. "ఆ పిల్లకి జుట్టు పెరిగి జడ అందేదాకా" అంది. ఎవరితో అందో తెలియదు. పోపు మాత్రం ఆ పూట నుంచి పెట్టింది.

పెద్ద పరీక్షలు మొదలైన రోజు నీలవేణి బడికి వచ్చింది. ఆ లెక్కల పరీక్ష రాయకపోయినా, జాబితాలో దాని పేరు నాన్నగారు కొట్టెయ్యలేదు. లైన్లో తన చోట, నా పక్కనే నిలబడింది. ఉతికిన పరికిణీ, ఉతికిన ఓణీ. ఓణీ తల మీద కప్పుకోలేదు. నున్నటి గుండు, దాని మీద పసుపు. బడంతా చూసింది గాని ఈసారి ఎవరూ నవ్వలేదు. "నీలా" అన్నాను. అది నా వైపు తిరగలేదు.

ప్రార్థన అయ్యింది. నాన్నగారు రోజూలాగే బయల్దేరారు, వెనక పళ్లెంతో అసిరయ్య. మా లైన్లో మొదటి పిల్ల తల వంచింది. రెండోది వంచింది. నాలుగో పిల్ల దాటాక ఆయనకి నీలవేణి కనపడింది. అక్కణ్ణించి తిరిగి వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు, వచ్చారు. అలవాటు ఆయన్ని నడిపించిందని నేననుకుంటాను.

నీలవేణి రెండు చేతులూ చాపి గోళ్లు చూపించింది. తరవాత అందరు ఆడపిల్లల్లాగే ఆయన ముందు తల వంచింది.

"సూడండి మేష్టారూ" అంది. "ఇప్పుడు సరిగ్గా ఉన్నాదా?"

దాని గొంతులో వెటకారం లేదు. మర్యాదగానే అడిగింది. వంచిన తల ఎత్తకుండా జవాబు కోసం ఆగింది. ఇసకతో రుద్దుకున్న చోట్ల నెత్తి మీద మచ్చలు పడి, పసుపు కింద నల్లగా కనపడుతున్నాయి. 

"పరీక్షకి టైమవుతోంది, వెళ్లమ్మా" అన్నారు చివరికి.

మిగతా లైను చూడకుండానే మేష్టర్ల గదిలోకి వెళ్లిపోయారు. అసిరయ్య పళ్లెం పట్టుకుని ఎటు వెళ్లాలో తెలియక కాసేపు మా మధ్యే నిలబడ్డాడు. ఆ పళ్లెం మళ్లీ బడిలో ఎవరికీ కనపడలేదు. జూన్లో మగపిల్లలు జుట్లు పెంచారు. "మేష్టారు మెత్తబడిపోనారు, పిల్లలు పాడైపోతన్నారు" అని అదే పెద్దలు అదే సంతలో అనడం మొదలుపెట్టారు.

నీలవేణి అన్ని పరీక్షలూ రాసింది. లెక్కల్లో తొంభై ఆరు, నాకు ఎనభై తొమ్మిది. నాతో ఒక్కమాట మాట్లాడలేదు. వైశాఖంలో గంగరాజు దాన్ని సాలూరు పంపేశాడు. అక్కడ దాని మేనమామ సోములు లారీల మీద పనిచేసేవాడు. అక్కడ చదివించారో పెళ్లే చేశారో, మా మొహాన ఎవరూ చెప్పలేదు. గెడ్డ అవతలివాళ్లు మమ్మల్ని చూస్తే ఉమ్మేసి దారి తప్పుకునేవారు. మరుసటి ఏడు మాకు బదిలీ అయ్యింది.

ఆ తరవాత పదకొండేళ్లు మా అమ్మ తలకి నూనె రాసుకోలేదు. ఊరు మారినా, నా పెళ్లిలోనూ అంతే. బంధువులు మొక్కేమిటని అడిగితే "ఒక పిల్లకి జడ అందాలి" అనేది. రోడ్డు మీద సాలూరు లారీ ఆగితే చాలు, దగ్గరికి వెళ్లి సోములు అనే మనిషి తెలుసా అని అడిగేది. ఎవరికీ తెలియదు. నీలవేణికి ఆ ఏడే జడ అంది ఉంటుంది, నూనె రాసుకుని పువ్వులు కూడా పెట్టుకుని ఉంటుంది అని నాన్నగారు ఒకసారి బతిమాలారు. "చూసేరా?" అంది అమ్మ.

అమ్మ పోయిన రోజు పొద్దున్న ముత్తైదువులు దొడ్లో నీళ్లు కాచారు. పసుపు నూరారు. సుమంగళిగా పోయిన మనిషికి తలంటి సాగనంపాలి. నాన్నగారు అప్పటికి రిటైరయ్యారు. లోపలికి వెళ్లి, నూనె సీసా తెచ్చి నా ముందు చాపారు. 

"రాజీ, అమ్మ తలకి నూనె రాయి."

"రాయను" అన్నాను.

ఆడవాళ్లంతా నా వైపు తిరిగారు.

"ఆఖరి స్నానమమ్మా. కూతురివి, నువ్వు రాయకపోతే ఎలాగ?"

"ఆ పిల్లకి జడ అందిందో లేదో మనకి తెలీదు నాన్నగారూ."

ఆయన సీసా పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఎవరో పెద్దావిడ "ఇదెక్కడి చోద్యమే" అంటూ చెయ్యి చాపితే, ఆవిడకి ఇవ్వలేదు. మూత బిగించి లోపలికి తీసుకెళ్లిపోయారు.

అమ్మని పొడి తలతోనే పంపించాం.